మూడో మూలకం

“హైడ్రోజన్ దొరికాడు,” అన్నాడు పెద్దాయన, టీ కప్పు మీద సాసర్ బోర్లిస్తూ.

నిఘా విభాగం అధిపతిని అక్కడ అందరూ పెద్దాయన అనే పిలుస్తారు. ఆయన ఎదురుగా కూర్చున్న ఏజెంటును మాత్రం పైపులాయన అంటారు. పెళ్లయిన కొత్తలో అతనికి కవర్ ఉద్యోగం ఒకటి కావాల్సి వచ్చింది. ప్లాస్టిక్ పైపుల కంపెనీలో సేల్స్ పోస్టు ఖాళీగా ఉంటే అందులో పెట్టారు. అప్పట్నుంచి రెండు ఉద్యోగాలూ చేస్తున్నాడు. గూఢచారిగా ఒక్క ప్రమోషన్ రాలేదు గానీ పైపుల్లో మాత్రం ఏరియా మేనేజర్ అయ్యాడు.

“ఎక్కడ దొరికాడు సార్?”

“ఎయిర్‌పోర్టులో. నోరు విప్పడం లేదు. జేబులో ఇది ఉంది.”

పెద్దాయన ఒక ఫోటో ముందుకు తోశాడు. కోటుకు కుట్టే తెల్లటి ప్లాస్టిక్ గుండీ, రెండు చిల్లులతో.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. విదేశీ ముఠా. మనుషులు ముగ్గురే. కోడ్ పేర్లు కార్బన్, హైడ్రోజన్, క్లోరిన్. ఒకరి ముఖం ఒకరికి తెలియదు. ఒకరినొకరు గుర్తుపట్టడానికి ఈ గుండీలు. టార్గెట్ నేలకింద కట్టిన సమావేశ మందిరం. సరిహద్దు తగాదా మీద రెండు దేశాల చర్చలు ఇవాళే అక్కడ మొదలవుతాయి. ఆ చర్చలు ముగియకూడదన్నది ముఠా పంతం. ఎలా చెడగొడతారో ఎవరికీ తెలియదు. బాంబు స్క్వాడ్ హాలంతా జల్లెడ పట్టినా ఏమీ దొరకలేదు.

“కార్బన్ మన మనిషి,” అన్నాడు పెద్దాయన. “అంటే, ఆవిడ నాతో అలా అంటుంది. ముఠాతో తను ముఠా మనిషినని అంటుంది. ఎవరితో నిజం చెప్తోందో నాకింకా తేలలేదు. నువ్వు హైడ్రోజన్ వేషంలో వెళ్లి ఆవిణ్ణి కలవాలి. క్లోరిన్ ఎవరో, ఏం చేయబోతున్నాడో కనుక్కోవాలి. ఇదిగో గుండీ.”

పైపులాయన దాన్ని వేళ్ల మధ్య రుద్ది చూశాడు. మైనం రాసినట్టు జారింది. చేతిలో బరువే తెలియలేదు.

“ఇది పాలిథీన్ సార్. అసలుది ఇవ్వరాదూ?”

“స్వాధీనం చేసుకున్న వస్తువు స్ట్రాంగ్‌రూమ్ గడప దాటకూడదు. రూలు. ల్యాబ్ వాళ్లు అచ్చు గుద్దినట్టు నకలు చేసిచ్చారు. ప్లాస్టిక్ ఏదైతేనేం?”

పైపుల వ్యాపారంలో ఆ మాట అన్నవాడికి ఉద్యోగం ఉండదు. కానీ పైపులాయన మనసు ఆ క్షణంలో గుండీ మీద లేదు.

“సార్, మా ఆవిడ ఇవాళ ఆ హాల్లోనే ఉంటుంది.”

“తెలుసు. చర్చలకి ఆమే కదా దుబాసీ.” పెద్దాయన కళ్లు దించుకున్నాడు. “ఆమెను ఇప్పుడు ఆపితే, ఎందుకు ఆపారా అని క్లోరిన్‌కి అనుమానం వస్తుంది. ఇవాళ తప్పించుకుని రేపు ఇంకో పథకం వేస్తాడు. ఆపకూడదు.”

పైపులాయనకి ఇల్లు గుర్తొచ్చింది. పొద్దున ఆమె గొంతు తడుపుకోవడానికి బిళ్లలు బ్యాగులో వేసుకుంటూ వంటింటి వైపు చెవి రిక్కించింది. అక్కడ కుళాయి గిన్నెలోకి చుక్క చుక్కగా కారుతోంది. “ఊరందరికీ గొట్టాలమ్ముతావు, మనింటి కుళాయి మాత్రం పట్టదు. మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అల్లుడుగారు దాన్ని బాగుచేశారా అని అడుగుతోంది. నేనేం చెప్పను?” అంది. సాయంత్రం చూస్తానన్నాడు. ఆ సాయంత్రం మామూలుగా వస్తుందని అప్పుడు ఇద్దరూ అనుకున్నారు.

టెక్నికల్ విభాగం అతనికి నెరిసిన విగ్గు, మీసం, దళసరి కళ్లద్దాలు తగిలించింది. ఒక లైటర్ కూడా ఇచ్చింది.

“ఇందులో కెమెరా ఉంది, రికార్డర్ ఉంది, ట్రాన్స్‌మిటర్ ఉంది,” అన్నాడు అక్కడి ఇంజినీరు గర్వంగా.

“వెలుగుతుందా?”

“మంటకి చోటు మిగల్లేదండి.”

పైపులాయన దాన్ని జేబులో వేసుకున్నాడు. చంకలో తన శాంపిల్ బ్యాగు కూడా పెట్టుకున్నాడు. అది లేకపోతే అతనికి బట్టలు లేకుండా వీధిలోకి వచ్చినట్టు ఉంటుంది.

*

కలవాల్సిన చోటు నగలు బాగుచేసే ఒక వర్క్‌షాపు, మెట్లెక్కితే పైఅంతస్తులో. పొడుగాటి చెక్కబల్ల, దాని మీద స్పిరిట్ దీపం, పట్టకార్లు, రాగితీగ చుట్టలు. లోపలి గదికి మసక అద్దాల తలుపు. పనివాళ్లెవరూ లేరు. బల్ల ముందు ఎత్తు స్టూలు మీద ఒకామె కూర్చుని ఉంది. నల్లటి కోటు, ఎర్రటి లిప్‌స్టిక్, మెడ తిప్పినప్పుడల్లా మెరిసే పొడుగు లోలాకులు. ఇలాంటివాళ్లని సినిమాల్లోనే చూసిన పైపులాయన ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

“ఈ గుండీకి జత దొరుకుతుందాండీ?”

“జతతో సరిపోదు. మూడు కావాలి,” అందామె.

కోడ్ సరిపోయింది. అతను గుండీ తీసి బల్ల మీద పెట్టాడు. అది చప్పుడు చేయకుండా చిన్నగా దొర్లి ఆగింది. ఆమె తన గుండీ పెట్టింది. అది టక్కుమంది. పైపులాయన గుర్తుపట్టాడు. ఎన్నో ఏళ్లుగా రోజూ వినే చప్పుడు అది. ఆమె గుండీ పాలిథీన్ కాదు, పీవీసీ.

చూపుకి రెండూ ఒకటే. పాలిథీన్‌లో ఉండేది కార్బన్, హైడ్రోజన్, అంతే. పీవీసీలో వాటితో పాటు క్లోరిన్ కూడా ఉంటుంది, బరువులో సగానికి పైగా అదే. ముఠాకి మూడు పేర్లు ఎందుకో అతనికి అప్పుడు వెలిగింది. ల్యాబ్ వాళ్లు మూడోదాన్ని వదిలేసి గుండీ చేశారు.

“పరీక్ష చెయ్యి,” అంది అద్దాల తలుపు వెనక నుంచి ఒక మగగొంతు. దానితో పాటు ఇంకో చప్పుడు కూడా వచ్చింది, తాళాల గుత్తిని వేలికి తగిలించి గిరగిరా తిప్పి ఠక్కున పట్టుకున్నట్టు. మసక అద్దం మీద మనిషి ఆకారం తప్ప ముఖం తెలియలేదు. క్లోరిన్.

ఆమె రాగితీగ ఒకటి తీసుకుని పట్టకారుతో దీపం మంటలో పెట్టింది. తీగ ఎర్రబడి, మంటకి ఏ రంగూ లేకుండా పోయేదాకా ఓపిగ్గా కాల్చింది. పని తెలిసిన చెయ్యి. వేడి తీగను తన గుండీకి తాకించి మళ్లీ మంటలో పెట్టింది. మంట ఆకుపచ్చగా లేచింది. రాగి మీద క్లోరిన్ పడితే వచ్చే రంగు అది. పైపులాయన కూడా కొనేవాళ్ల ముందు అదే గారడీ చేసి చూపిస్తుంటాడు.

ఇప్పుడు అతని గుండీ వంతు. అందులో క్లోరిన్ లేదు. మంట పచ్చగా మారదు. తలుపు వెనకనున్నవాడికి తుపాకీ ఉండకపోదు. తను ఇక్కడే పోతే, హాల్లో ఏం జరగబోతోందో కనుక్కునేవాడు ఇంకెవడూ లేడు. అతనికి భార్య గుర్తొచ్చింది. ఆమెకి తన చావు కూడా అబద్ధంగానే చేరుతుందని, పైపుల లారీ ఏదో గుద్దేసిందని ఆఫీసువాళ్లు చెప్తారని అనిపించింది.

ఆమె అతని గుండీని తీసుకుని వేళ్ల మధ్య రుద్దింది. ఒక్క క్షణం వేళ్లు ఆగాయి. ఆమె తలెత్తలేదు. తీగను మళ్లీ కాల్చి శుభ్రం చేయలేదు కూడా. ఇందాకటి మసి ఉన్న తీగనే అతని గుండీకి తాకించి మంటలో పెట్టింది.

పాత క్లోరిన్ ఇంకా అంటుకునే ఉంది. మంట ఆకుపచ్చగా లేచింది. అంచులో పసుపు తొంగిచూసేలోపే ఆమె తీగను వెనక్కి లాగేసింది. పాలిథీన్ కాలితే వచ్చే, కొవ్వొత్తి ఆర్పినప్పటి వాసన సన్నగా వచ్చింది. ఆమె కంగారు లేకుండా సెంటు సీసా తీసి మణికట్టుకి రాసుకుంది. మసక అద్దం వెనక నుంచి చూసేవాడికి కనబడింది రంగు ఒక్కటే.

“పచ్చగానే ఉంది,” అంది గొంతు, తృప్తిగా. “హైడ్రోజన్, నీ పని చిన్నది. దుబాసీలు కూర్చునే బూత్‌ల వెనక నడవా ఉంటుంది. సమావేశం సాగుతుండగా దాని తలుపు బయట నుంచి తాళం వెయ్యాలి. తాళంచెవి, పాస్ బల్ల సొరుగులో ఉన్నాయి. కార్బన్, నువ్వు ప్రెస్ గ్యాలరీలో కూర్చుని, పొగ కనబడగానే బాంబని అరవాలి. తొక్కిసలాట దానంతటదే జరుగుతుంది.”

“బాంబు ఏదీ?” అన్నాడు పైపులాయన.

“బాంబెందుకు? బాంబు పేలితే ఎవడు పెట్టాడని వెతుకుతారు. వైరు కాలితే కాంట్రాక్టరుని తిట్టి ఊరుకుంటారు. నడవాలో వైర్లు వెళ్లే పైపుల్లో ఒకదాన్ని నేను మార్చాను. దుబాసీల మైకు వేసిన కాసేపటికి అది లోపల్నుంచి కాలడం మొదలవుతుంది. పీవీసీ పొగ తడి తగిలితే యాసిడ్ అవుతుంది. కళ్లలో తడి ఉంటుంది. గొంతులోనూ ఉంటుంది. బూత్‌లో గాలి బయటికి పోదు.”

తాళాల గుత్తి మరోసారి తిరిగి ఆగింది. వెనక మెట్ల మీద అడుగులు దిగిపోయాయి.

పైపులాయన సొరుగులోంచి పాస్, తాళంచెవి తీసుకున్నాడు. మైకు వేసేది అతని భార్య. ఆ గొంతు తడారకుండా బిళ్లలు దాచుకునే మనిషి.

“తీగ ఎందుకు శుభ్రం చెయ్యలేదు మీరు?” అన్నాడు.

“మర్చిపోయాననుకోండి.” ఆమె లోలాకు సవరించుకుంది. “వెళ్లండి. అతన్ని నేను చూసుకుంటాను. ఎవరి తరఫున అని మాత్రం ఇప్పుడు అడక్కండి.”

*

వీధిలోకి రాగానే పెద్దాయనకి ఫోన్ చేశాడు. అంతా విని పెద్దాయన నిట్టూర్చాడు.

“హాలు ఖాళీ చేయించాలంటే పైనుంచి అనుమతి కావాలి. అడుగుతున్నాను. లైన్లో పెట్టారు.”

“ఎంతసేపు సార్?”

“సంగీతం వస్తోంది.”

పైపులాయన ఫోన్ పెట్టేసి టాక్సీ ఎక్కాడు.

హాలు బయట గార్డు పాస్ చూసి సలాం కొట్టాడు. నేలకిందికి దిగే మెట్లు, తివాచీ, కొత్త పెయింటు వాసన. నడవాలో అడుగుపెట్టేసరికి చర్చలు మొదలైపోయాయి. పైనున్న చిన్న స్పీకర్లో అతని భార్య గొంతు వినబడుతోంది. మైకు వేసేశారన్నమాట.

నడవా ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు. ఒక పక్క బూత్‌ల వెనక తలుపులు, ఒక్కో తలుపుకి చిన్న అద్దం. ఇంకో పక్క గోడ నిండా పైపులు, అన్నిటికీ ఒకే తెల్ల రంగు. నేలకింద కట్టిన హాల్లో క్లోరిన్ లేని పైపులే వాడాలన్నది నియమం. వీటిలో ఒక్కటే దొంగది. రంగు దట్టంగా పూశారు కాబట్టి తడిమినా తెలియదు, తట్టినా తెలియదు. తోచినదల్లా కోస్తే మైకులు ఆగిపోతాయి, జనం లేస్తారు, తొక్కిసలాట తనే మొదలెట్టినట్టవుతుంది.

శాంపిల్ బ్యాగు తెరిచాడు. పైపు కట్టర్, రాగితీగ, మార్కెట్లో దొరికే అతి చవక లైటర్. అది వెలిగింది. దగ్గరున్న పైపు మీద రంగు గీకి, తీగ వేడిచేసి తాకించి, మంటలో పెట్టాడు. ఆకుపచ్చ.

కట్టర్ పైపుకి తగిలించి బిగించబోయాడు. అప్పుడు వర్క్‌షాపులో కార్బన్ వేళ్లు కళ్లముందు మెదిలాయి. చెయ్యి ఆగిపోయింది. నిన్న ఒక షాపువాడికి ఇదే తీగతో పీవీసీ కాల్చి చూపించాడు. ఆ తర్వాత శుభ్రం చేయలేదు. ఇందాక తన ప్రాణం కాపాడిన అబద్ధమే ఇప్పుడు తన చేతిలో ఉంది.

తీగను మంటలో పెట్టి నిలబడ్డాడు. రంగు పోవడం లేదు. స్పీకర్లో భార్య ఒక్కసారి దగ్గింది. పచ్చదనం కొంచెం కొంచెంగా సన్నబడి చివరికి మాయమైంది. మళ్లీ అదే పైపు. ఈసారి పసుపు. కోసి ఉంటే మైకులన్నీ మూగబోయేవి.

పక్క పైపు, పసుపు. దాని పక్కది, పసుపు. చేతివేళ్లు కాలుతున్నాయి. చివరి బూత్ దాకా వచ్చాడు. అద్దంలోంచి ఆమె వీపు, ముడిలో పెట్టుకున్న పెన్సిలు కనిపించాయి. ఆ బూత్‌లోకి వెళ్లే పైపుని గీకి తాకించాడు. ముక్కు మండించే ఘాటుతో మంట ఆకుపచ్చగా భగ్గుమంది. పైపు మీద చెయ్యి వేసి చూశాడు. వెచ్చగా ఉంది.

కట్టర్ బిగించి తిప్పుతుండగా వెనక ఆ చప్పుడు వినబడింది. గిర్రున తిరిగి ఠక్కున ఆగిన తాళాల గుత్తి.

“తలుపు బయట ఉండాల్సినవాడివి లోపలేం చేస్తున్నావు, హైడ్రోజన్?”

చేతిలో పిస్టల్, దాని మూతికి సైలెన్సర్. ఒంటి మీద ఫైర్ సేఫ్టీ ఆఫీసర్ యూనిఫాం. ఈ హాలు భద్రంగా ఉందని నిన్న సాయంత్రం సంతకం పెట్టినవాడు ఇతనే.

పైపులాయన కట్టర్ వదల్లేదు. వదిలితే ఆమె పోతుంది. వదలకపోతే తను పోతాడు. ఆలోచించడానికి పెద్దగా ఏమీ కనబడలేదు. ఇంకొక్క చుట్టు తిప్పాడు.

పిస్టల్ దగ్గినట్టు చప్పుడు చేసింది. అతనికేమీ తగల్లేదు. ఫైర్ ఆఫీసర్ మీదికి వెనక నుంచి నల్లకోటు విసురుగా వచ్చి పడింది. పిస్టల్ చెయ్యి మెలి తిరిగి, తూటా ఆమె భుజంలో దిగింది. ఆమె అరవలేదు. అవతల జనం ఉన్నారని అరవకుండా పళ్లు బిగబట్టి, పిస్టల్ పట్టిన చేతిని గోడకేసి కొట్టింది. గుత్తి కింద పడి తాళాలు చెల్లాచెదురయ్యాయి.

పైపు తెగింది. లోపల మైకు వైరు లేదు. ఎర్రగా కాగిన తీగచుట్ట, దాని చుట్టూ కూరిన ప్లాస్టిక్ ముక్కలు అప్పుడే బుడగలెత్తుతున్నాయి. వేడి తీగను ఉత్తచేత్తో పట్టి పెరికేశాడు. సన్నటి పొగ ఒక్క పాయ లేచి కళ్లలో మంట పుట్టించి, అక్కడితో ఆగిపోయింది.

తలెత్తి చూస్తే అద్దం అవతల భార్య ఇటు తిరిగి ఉంది. విగ్గు పక్కకి జారింది. మీసం సగం ఊడి పెదవి మీద వేలాడుతోంది. చేతిలో పైపు ముక్క. ఏ వేషమైనా, పైపు ముక్కని తిప్పి చూసుకునే ఆ తీరు ఆమెకు తెలియనిది కాదు.

అవతల ప్రతినిధి ప్రసంగం సాగుతోంది. ఆమె గొంతు ఒక్క ఊపిరి ఆగి, మళ్లీ మామూలుగా స్పీకర్లో వినిపించింది. “ఇన్నేళ్లలో మేము మీ దగ్గర ఏదీ దాచలేదు.”

*

క్లోరిన్‌ని వెనక మెట్ల మీదుగా తీసుకెళ్లారు. నల్లకోటామెని స్ట్రెచర్ మీద ఎక్కించారు. బతుకుతుందని డాక్టర్ చెప్పాక పైపులాయన ఆమె పక్కన నడిచాడు.

“తీగ శుభ్రం చేశారా?” అందామె, కళ్లు మూసుకునే.

“చేశాను.”

“నేనైతే చేసేదాన్ని కాదు,” అని నవ్వబోయి నొప్పికి ఆగిపోయింది. కోలుకున్నాక ఇంకో పేరుతో ఇంకో దేశం పంపేస్తారు. ఈ పేరే అతనికి తెలియదు. దానికి అతను నిజంగానే బాధపడ్డాడు.

పెద్దాయన ఫోన్ చేశాడు. హాలు ఖాళీ చేయించడానికి అనుమతి వచ్చిందట.

ఇంటికి వెళ్లేసరికి భార్య వంటింట్లో ఉంది. కుళాయి కారుతూనే ఉంది. ఆమె అతని కాలిన చేతికి మందు రాసి గుడ్డ కట్టింది. ముడి గట్టిగా బిగించింది.

“గొట్టాలు నిజంగా అమ్ముతావా?”

“నిజంగానే.”

“మిగతాది?”

అతను నేల చూశాడు. చెప్పకూడదు. చెప్పాలని మాత్రం ఉంది.

“ఒకరి అబద్ధాలు ఇంకొకరికి వినిపించడమే నా ఉద్యోగం,” అందామె. “చెప్పేవాడి గొంతు వింటే నాకు తెలిసిపోతుంది. నీ గొంతులో ఎప్పుడూ తెలియలేదు. పొగకన్నా నాకు అదే భయంగా ఉంది.”

అతను బ్యాగులోంచి పానా తీసి, కట్టు కట్టిన చేత్తోనే కుళాయి విప్పాడు. నీళ్లు ఎగజిమ్మి ఇద్దరినీ నిలువునా తడిపేశాయి. ముఠాని పట్టుకున్న గూఢచారి కుళాయి ముందు చేతులెత్తేశాడు.

మర్నాడు ప్లంబర్ వచ్చాడు. వాషర్ అరిగిపోయిందని మార్చి, వెళ్లబోతూ పైపులాయన చేతి కట్టు చూసి ఆగాడు.

“అయ్యో, సార్‌కి చెయ్యి కాలినట్టుందే. ఏం చేస్తుంటారమ్మా సార్?”

ఆమె టీ గ్లాసు ప్లంబర్ చేతికిచ్చింది.

“పైపులు అమ్ముతారు,” అంది.

ఆమె గొంతులో ఏమీ తెలియలేదు. పైపులాయనకి అప్పుడు మాత్రం నిజంగా భయమేసింది.